బావ నోటు, అక్క ఒడి బియ్యం

2024 జనవరి 3, బుధవారం

పింఛను పడింది. పడిన గంటకే సగం పోయింది. బావకు అసలు కింద పన్నెండు వేలు, మిత్తి మూడు వేల రెండు వందలు. కోడలు కవిత ఫోనులోంచి బావ కొడుకు శ్రీను ఫోనులోకి. కల్వకుర్తి నుంచి దేవరకొండకు రెప్పపాటులో. ఇంకా లక్షా నలభై ఎనిమిది వేలు.

అరగంటకు బావ గొంతు. "వచ్చినయ్ బామ్మర్ది. నోటు ఎనుక రాసిన." అంతే. బాగున్నావా అన్న మాట లేదు. నేనూ అడగలేదు.

ఆ నోటు మీద సంతకం పెట్టి మూడేళ్లు కావస్తోంది. కరోనా రెండో విడత. నా భార్య సుగుణ హైదరాబాదులో దవాఖాన లోపల, ముక్కుకు గొట్టం. నేను బయట మెట్ల మీద. బావ వచ్చాడు. యూరియా సంచిలో మూడు లక్షలు, జేబులో ప్రామిసరీ నోటు. స్టాంపు కూడా ఇంటి దగ్గరే అంటించి తెచ్చాడు. సొంత అక్క మొగుడు. "బయటోళ్లకు మూడు రూపాల మిత్తి. నువ్వు మనోనివి, నీకు రెండే." మోకాలి మీద కాగితం పెట్టుకొని సంతకం చేశాను. దవాఖాన కావలివాడు చూస్తూ నిలబడ్డాడు.

సుగుణ బతికింది. అదీ రాయాలి. ఆ డబ్బుతోనే బతికింది. అందుకే ఇంత మంట.

జనవరి 4

జొన్న రొట్టె, పప్పు. నిన్నా అదే. పేపరు మాన్పించాను. పొద్దున లేస్తే చేతులకు పని లేదు.

జనవరి 9

సుగుణ మొదలుపెట్టింది. "వదినెకు ఒడి బియ్యం పొయ్యక తొమ్మిదేండ్లాయె. ఈ ఏడు తప్పొద్దు."

అమ్మ పోయాక అక్కకు పుట్టిల్లు అంటే నా ఇల్లే. బేసి సంవత్సరం చూసి పిలవాలి, పీట మీద కూర్చోబెట్టాలి, కొత్త చీర కొంగులో పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో పోయాలి. ఆమె ఆ బియ్యం తీసుకుపోయి అత్తగారింట్లో వండి పదిమందికి పెడుతుంది. ఇంతే తంతు. నేను ముహూర్తాలు, తంతులు నమ్మను. కాని అక్క నమ్ముతుంది. వాళ్ల వీధిలో ఎవరి తమ్ముడు ఎన్నిసార్లు పోశాడో వేళ్ల మీద చెబుతుంది.

లెక్క వేశాను. చీర, బావకు బట్టలు, ముప్పై మందికి భోజనం. మాంసం లేకపోతే మన చుట్టాలు బస్సు ఎక్కరు. పాతిక వేలకు తక్కువ కాదు.

"అప్పు తీరాకే" అన్నాను. "ఆయనకు బాకీ ఉండగా ఆయన పెళ్లానికి చీర పెడితే, ఆయన పైసలతోనే పెట్టినట్టు. ఆ మాట అనకుండా ఆయన ఉంటాడా?"

"ఆయనేమంటే ఏంది? పోసేది వదినెకు."

ఆమెకు అర్థం కాదు. బావ అంటాడు. నలుగురిలో, నోట్లో ముక్క నములుతూ అంటాడు. ఆయన నోరు నలభై ఏళ్లుగా తెలుసు.

జనవరి 17

సాహితీ సంస్థ అధ్యక్షుడు ఇంటికొచ్చాడు. ఆయన ఆరో కవితా సంపుటి వస్తోందట, సన్మానం జరిపించుకుంటున్నాడట, ఐదు వందల చందా. ఐదు సంపుటాలూ నాకు ఉచితంగా ఇచ్చి ఉన్నాడు. చదివాను కూడా. ముప్పయ్యొక్క ఏళ్లు గ్రంథాలయంలో పనిచేసినవాడిని, అచ్చయినది ఏదైనా చదువుతాను, అదొక రోగం.

"మీరు కూడా ఒక రెండు మాటలు మాట్లాడాలె సార్."

"మాట్లాడతాను. ఐదు సంపుటాల గురించీ మాట్లాడతాను."

చందా మాట మళ్లీ ఎత్తకుండానే లేచి వెళ్లాడు. ఐదు వందలు మిగిలాయి. ఈ నెలలో నాకు దొరికిన ఒకే ఒక్క సుఖం.

జనవరి 28, ఆదివారం

కొడుకు రమేశ్ వచ్చాడు. షాద్‌నగర్ కంపెనీలో ఉండి ఆదివారాలు వస్తాడు. ఈసారి ఎనిమిది వేలు ఇవ్వాల్సింది ఆరే ఇచ్చాడు. టీవీ కిస్తీ.

"గోడంత టీవీ ఎవడు కొనమన్నాడు?"

"నాయినా, నీ బుక్కులు గోడంత లేవా? నేనేమన్న అన్ననా?"

కవిత వంటింట్లో నవ్వు ఆపుకొంది. వినబడింది.

ఫిబ్రవరి 5

అక్క ఫోను. బావకు కాళ్లు వాచాయట. షుగరు. చెప్పులు పట్టడం లేదట. ఎరువుల దుకాణం శ్రీనుకు వదిలేశాడు. మధ్యలో సంబంధం లేకుండా అంది, "మీ ఇంట్ల పసుపు మంచి రంగొస్తదిరా తమ్మీ. మాకాడ దొరికేది తెల్లగుంటది."

పసుపు గురించి కాదు ఆ మాట. తెలుసు. "ఆఁ" అన్నాను.

ఫిబ్రవరి 6

పన్నెండు వేలు. మిత్తి. ఇంకా లక్షా ముప్పై ఆరు.

ఫిబ్రవరి 20

బావ కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. సుగుణ ఫోను పెట్టేసి నా దగ్గరికి వచ్చింది. చేతిలో గంటె అలాగే ఉంది.

"ఇగ ఆగొద్దు. నా మాటిను."

ఎందుకు ఆగకూడదో ఆమె చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. ఒడి బియ్యం మొగుడున్న ఆడదానికే పోస్తారు. బావ పోతే అక్కకు ఇక జన్మలో పోయరు. ఎంత నీచమైన నియమం! దీని మీద ఇరవై పేజీలు రాయగలను. రాస్తే అక్క చదవదు. చదివినా, "అవును గని, నాకు ఎప్పుడు పోస్తవు" అంటుంది.

ఇంకా ఏడాది ఇలా కడితే తీరుతుంది. వచ్చే సంక్రాంతికో శివరాత్రికో. అప్పటిదాకా ఆయన ఉంటాడు. మొండి ఘటం.

మార్చి 6

ఇంకా లక్షా ఇరవై నాలుగు. ఇవాళ బావ ఫోను కొంచెం పొడుగు.

"బామ్మర్ది, మే నెలకు నోటు మూడేండ్లయితది. మూడేండ్లు దాటితే చెల్లదు. వచ్చి తిరగరాసిపో."

"నెలనెలా కడుతున్నాను గదా బావా. వెనుక నువ్వే రాస్తున్నావు."

"కడుతున్నవ్, కాదన్ననా? రేపు నేను పోతే మా శ్రీనుగానికి, నీకు మధ్యల కాగితం ఉండాలె గద. నాలుగు వేల బుక్కులు సదివినవ్, గిది తెల్వదా?"

చచ్చేవాడు కూడా కాగితం గురించే ఆలోచిస్తాడు. మళ్లీ ఆ ఇంటికి వెళ్లాలి, మళ్లీ స్టాంపు, మళ్లీ సంతకం, పక్కింటివాళ్లను పిలిచి సాక్షి సంతకాలు. డెబ్భై ఒకటో ఏట.

మార్చి 7

ఇద్దరు ఆడవాళ్లూ ఒకటే మాట.

సుగుణ: "తిరగరాస్తే ఏం పోతది? పైసలు నెలనెలా పోతనే ఉంటయ్. చేతిలున్న దాంతోని వదినెకు ఒడి నింపుదం."

అక్క, ఫోనులో: "సంతకం పెట్టిపోరా. నీ సంతకానికి ఏమన్న అరుగుదలుందా? గదేదో అయిపోతే... మిగతాది సూస్కోవచ్చు."

మిగతాది అంటే తనదే. నోరు తెరిచి అడగదు. అమ్మ కూడా అంతే.

లేదు. రెండోసారి సంతకం పెట్టను. మే నెలకు మూడేళ్లు నిండేలోపు మొత్తం తీర్చేసి నోటు చేతిలోకి తీసుకుంటాను. ఆ మనిషి ఎదురుగా చింపుతాను. ఆ తర్వాత తల ఎత్తుకొని అక్కకు పోస్తాను, యాభై మందిని పిలిచి. వరుస ఇదే.

మార్చి 15

పెరుగు బంద్. ముసలివాళ్లకు మజ్జిగ చాలు. కవిత రెండు పూటలా కుడుతోంది. జాకెట్లు, ఫాల్స్, ఏదొస్తే అది. మనవరాలు శ్రావ్య బడి వాళ్లు యాదగిరిగుట్టకు తీసుకుపోతున్నారట, ఎనిమిది వందలు. వద్దన్నాను. పిల్ల ఏడవలేదు. "సరే తాతా" అంది. ఏడిస్తే బాగుండేది.

మార్చి 24

రష్యా నవలల్లో, ఫ్రెంచి నవలల్లో, మన నవలల్లో అప్పులిచ్చేవాళ్లను ఎంతమందిని చదివాను. అందరూ పిసినారులు, గద్దముక్కులు, చీకటి గదులు. ఒక్కడు కూడా అర్ధరాత్రి వాన్ మాట్లాడుకొని, లాక్‌డౌన్ పోలీసులకు దండాలు పెట్టుకుంటూ, నూరు కిలోమీటర్లు డబ్బు మోసుకొచ్చినవాడు లేడు. బావ అలాగే వచ్చాడు. వచ్చి, నోటు రాయించుకున్నాడు. రెండూ ఆయనే. ఏ రచయితా నాకు ఇలాంటివాణ్ని చూపించలేదు. చూపించి ఉంటే ఎలా ద్వేషించాలో తెలిసేది.

ఏప్రిల్ 2

బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే అడుగున ప్లాస్టిక్ కవరు తగిలింది. నారాయణపేట చీర. మామిడిపండు రంగు, ఎర్ర అంచు. బిల్లు కూడా ఉంది, రెండు వేల రెండు వందలు.

సుగుణ కూరగాయల డబ్బులో నుంచి ఆరు నెలలు దాచిందట. "వదినెకు ఆ రంగంటే పానం" అంది.

"మనం పెరుగు మానేసి డబ్బు కూడబెడుతుంటే నువ్వు చీరలు దాస్తున్నావా?"

"నేను కూడ పెరుగు తింటలేను. గది యాదికుందా?"

ఏప్రిల్ 3

చీర దుకాణంలో తిరిగి ఇచ్చేశాను. దుకాణం అబ్బాయి మంచివాడు, మడత విప్పలేదని మొత్తం ఇచ్చాడు. "అమ్మకు నచ్చలేదా పెద్దాయనా?" అన్నాడు. అవునన్నాను.

పన్నెండు వేలు కట్టాను. ఇంకా లక్షా పన్నెండు. చీర డబ్బు మే కోసం పక్కన పెట్టాను.

ఏప్రిల్ 9, ఉగాది

సుగుణ పచ్చడి చేసింది. గిన్నె నా ముందు పెట్టి వెళ్లింది. ఆరు రోజులుగా మాట లేదు.

సాయంత్రం గుళ్లో పంచాంగం. నేను బయట అరుగు మీద కూర్చున్నాను, వినడానికి కాదు, ఇంట్లో ఉండలేక. పంతులు మైకులో చదువుతున్నాడు. ఈ నెలాఖరు నుంచి మూఢమట, అది పోగానే ఆషాఢమట, శ్రావణం దాకా శుభకార్యాలు లేవట. పెళ్లిళ్లు పెట్టుకున్నవాళ్లు గుంపులో గుసగుసలాడారు. నేను నవ్వుకున్నాను. శుక్రగ్రహం సూర్యుడి వెనక్కి పోతే కల్వకుర్తిలో పెళ్లి ఆగడమేమిటి!

ఏప్రిల్ 21, ఆదివారం

మా గల్లీ ఆడవాళ్ల చీటీ. ఇరవై మంది, లక్ష రూపాయలు. సుగుణ నెలకు ఐదు వేలు కడుతోంది. జూన్‌లో శ్రావ్య ఫీజుకు ఎత్తుకోవాలని, అప్పటికి పాట తక్కువకు పోతుందని చూస్తోంది. ఇవాళ మా ముందరి గదిలోనే పాట. నేను కుర్చీ లాక్కొని కూర్చున్నాను. ఆడవాళ్లు ముఖాలు చూసుకున్నారు.

పది వేల దగ్గర అందరూ తగ్గారు. రజియా బేగం ఒక్కతే పట్టు వదల్లేదు. కొడుక్కు ఆటో కొనాలట. పద్నాలుగు అంది. నేను పదిహేను. ఆమె పదహారు. నేను పద్దెనిమిది అన్నాను. అంటే చేతికి ఎనభై రెండే.

రజియా నా వంక జాలిగా చూసింది. "సార్, ఇంత నుక్సాన్ పెట్టుకొని ఎందుకు? జర ఆలోచించుండ్రి. జూన్ల నేను పాడ, మీకే వదిలేస్త."

"పద్దెనిమిది" అన్నాను మళ్లీ.

సుగుణ లేచి లోపలికి వెళ్లింది. నోట్లకట్ట నేనే అందుకున్నాను.

మే 9, గురువారం

దేవరకొండ. పొద్దున బస్సు, డిండి మీదుగా. చీటీ డబ్బు, ఈ నెల పింఛను, కవిత కుట్టు డబ్బు, చీర డబ్బు. అన్నీ కలిపితే అసలూ మిత్తీ లక్షా పద్నాలుగు వేల రెండు వందల నలభై. లుంగీ గుడ్డలో చుట్టి కడుపుకు కట్టుకున్నాను. చెమటకు గుడ్డ తడిసిపోయింది.

బావ ముందరి గదిలో మంచం మీద. సగమైపోయాడు. చేతి మీద సూదుల గడ్డ, నల్లగా, పాము చుట్టుకున్నట్టు. నన్ను చూసి, "ఎండల ఎందుకొచ్చినవ్, ఫోన్ల ఎయ్యకపోయినవా?" అన్నాడు.

"చేతికి ఇవ్వాలని."

లెక్కపెట్టాడు. ప్రతి కట్టా. వేలు నాలుకకు తగిలించి, ఆగి, ఆయాసం తీర్చుకొని, మళ్లీ మొదటి నుంచి. గంట పట్టింది. ఒక ఐదు వందల నోటు వెలుతురుకు పట్టి చూసి పక్కన పెట్టాడు. "గిది చినిగింది. మార్చియ్యి."

మార్చి ఇచ్చాను. దిండు కింద నుంచి నోటు తీశాడు. వెనుక నెలనెలా రాసిన వరుసలు. మొదట్లో నిటారుగా ఉన్న అక్షరాలు ఈ ఏడాదికొచ్చేసరికి పక్కకు ఒరిగిపోయాయి. కింద 'మొత్తం చెల్లు' అని రాయడానికి మూడుసార్లు కలం ఆపాడు.

"మొత్తానికి కట్టినవ్. నేననుకోలే."

మూడేళ్లుగా ఒక మాట తయారు చేసుకున్నాను. బస్సుల్లో, స్నానం చేస్తూ, పదాలు మార్చి మార్చి. దవాఖాన మెట్ల దగ్గర మొదలై, మా నాన్న దినం నాడు ఆయన చేసిన గొడవ దాకా పోయే మాట. గొంతు సవరించుకున్నాను. చూస్తే కళ్లు మూతపడ్డాయి. నోరు కొంచెం తెరిచి ఉంది. నిద్రపోయాడు. నిద్రపోయేవాణ్ని ఏమని తిట్టాలి? నోటు చింపలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను.

అక్క గేటు దాకా వచ్చింది. మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

"ఇగ బాకీ లేదు గదరా. ఇగనన్న పోస్తవా?"

"ఈ ఐతారమే పోస్తా."

ముఖం వెలిగింది. వెంటనే వేళ్ల మీద లెక్కపెట్టింది. వెలుగు పోయింది. "మూఢం గదరా తమ్మీ. అటెన్క ఆషాఢం. శ్రావణం దాంక లేదు." ఇంకో మాట అంది, బస్సు ఎన్నింటికని అడిగినట్టు మామూలుగా. "శ్రావణం దాంక ఈయన ఉంటడా?"

మే 11

పంతులు దగ్గరికి వెళ్లాను. ఆయన నా దగ్గర గ్రంథాలయంలో చదువుకున్నవాడే.

"ఒడి బియ్యానికి మూఢం ఏమిటయ్యా? ఏ శాస్త్రంలో ఉంది? చూపించు."

"శాస్త్రం మీకు నేనేం చెప్త సార్. ఆనవాయితీ. అయినా మీరు నమ్మరు గద, పోసెయ్యుండ్రి."

"నేను నమ్మను. మా అక్క నమ్ముతుంది."

"మరి ఉగాది ముంగట రెండు నెలలు మంచి రోజులే ఉండె గద సార్. అప్పుడేమైంది?"

చెప్పులు వేసుకొని వచ్చేశాను. డెబ్భై ఏళ్లలో నా నోరు మూయించినవాళ్లు తక్కువ.

మే 12

అక్కకు ఫోను చేశాను. మూఢం లేదు, ఏమీ లేదు, రా అన్నాను. "మూఢంల పోయించుకుంటె ఆయనకు మంచిది కాదంటరు. ఒద్దురా" అంది. మళ్లీ తనే, "నువ్వు ఫికర్ చెయ్యకు" అంది. నేనే ఓదార్పు కోసం ఫోను చేసినట్టు.

మే 30

అప్పు తీరలేదు. అది ఇల్లు మారింది, అంతే. దేవరకొండకు పోయే డబ్బు ఇప్పుడు గల్లీ చీటీకి పోతోంది, ఇంకా పద్నాలుగు నెలలు.

జూన్ 11

శ్రావ్య ఫీజు, మొదటి విడత. బడికి వెళ్లి కిస్తీల్లో కడతానని అడిగాను. బల్ల వెనక కూర్చున్న పిల్లవాడు నేను లైబ్రరీ సభ్యత్వం ఇచ్చినవాడి కొడుకు. "చూద్దాం పెద్దాయనా" అన్నాడు. బయట చెట్టు కింద గంట కూర్చోబెట్టాడు. ఒప్పుకున్నాడు.

రజియా బేగం చీటీ పోయిన నెల ఎనిమిది వేల పాటకే ఎత్తింది. ఆటో వచ్చింది. పూలదండ వేసి గల్లీలో తిప్పారు. శ్రావ్యను ఎక్కించుకొని ఒక చుట్టు తిప్పింది.

జూన్ 18

ప్రింటింగ్ ప్రెస్‌కు వెళ్లాను, తప్పులు దిద్దే పని ఏమైనా ఉందా అని. ఒక పెళ్లికార్డుకు ఇంత అని ఇస్తారట. ప్రెస్ అతను ఖాళీగా కూర్చొని ఈగలు తోలుకుంటున్నాడు.

"మూఢం గద సార్. ఒక్క కార్డు లేదు. శ్రావణంల రాండ్రి."

లోకమంతా శ్రావణం కోసం కూర్చుంది.

జూలై 7

బావ బాత్‌రూంలో పడ్డాడు. తుంటి విరగలేదు. రెండు రోజులు మనుషులను గుర్తుపట్టలేదట. మూడో రోజు లేవగానే శ్రీనును దుకాణం కలెక్షన్ ఎంత అని అడిగాడట. ఊపిరి తీసుకున్నాను. ఈ మనిషి ఊపిరి కోసం నేను ఊపిరి బిగపట్టే రోజు వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

జూలై 16

సుగుణ ఇవాళ మాట్లాడింది. "ఉల్లిగడ్డలు తే" అంది. తెచ్చాను. కిలో చెబితే రెండు కిలోలు.

జూలై 29

చీర దుకాణం. మామిడిపండు రంగు లేదు, అమ్ముడుపోయింది. నారాయణపేట మగ్గాల నుంచి కొత్త సరుకు దసరాకట. ఆకుపచ్చది ఉంది, రెండు వేల తొమ్మిది వందలు. రమేశ్ ఇచ్చాడు. టీవీ అమ్మేశాడని కవిత చెప్పింది. గోడ మీద మేకులు మిగిలాయి.

ముప్పై మంది లేరు, మాంసం లేదు. మేం ఐదుగురం, అక్క, ఇరుగుపొరుగు నలుగురు ముత్తయిదువలు. చాలు.

ఆగస్టు 5, సోమవారం

శ్రావణం వచ్చింది. శుక్రవారం పొద్దున పది గంటలకని పంతులు రాసిచ్చాడు. దక్షిణ వద్దన్నాడు. బలవంతంగా ఇచ్చాను.

అక్కకు ఫోను చేస్తే బావ లాక్కొని మాట్లాడాడు. గొంతు నీళ్లలో నుంచి వచ్చినట్టుంది.

"తొమ్మిదేండ్లకు తెలివికొచ్చినవా బామ్మర్ది? నేను రాలేను. నా దోతి, అంగి పళ్లెంల పెట్టి మీ అక్క పక్కన పెట్టు. మంచి దోతి తే. అగ్గువది తేకు."

"తెస్తా బావా."

"నా నోటు చింపినవా?"

"లేదు."

"దాసుకో. నువ్వు జన్మల తీర్చిన అప్పు గదొక్కటే." నవ్వబోయి దగ్గాడు.

తిట్టాలనిపించలేదు. అలసట.

ఆగస్టు 8, గురువారం

అక్క పొద్దున బస్సుకే దిగింది. బావను శ్రీనుకు అప్పజెప్పి వచ్చింది. "ఆడోళ్లకు బస్సు ఫ్రీ గద, పైసల్లేవ్, రాణి లెక్క కూసొని వచ్చిన" అంటూ లోపలికి వచ్చింది. వచ్చీరాగానే వంటింట్లో డబ్బాలు తెరిచి చూసింది, అమ్మ ఉన్నప్పటిలాగే.

కవిత జాకెట్ తొడిగి చూసింది. చేతులు వదులు. "అత్తమ్మా, గింత సన్నగైనవేంది? కొలత పోయిన ఏడుది పెట్టిన." పక్కన కూర్చొని కుట్లు బిగించింది. చీర విప్పి చూపిస్తే అక్క అంచు వేళ్లతో నలిపి, "పచ్చది మంచిగున్నది" అంది. సుగుణ నా వైపు చూడలేదు.

మధ్యాహ్నం ముందరి గదిలో తెల్ల పంచె పరిచి బియ్యం పోశారు. సుగుణ పసుపు కలుపుతోంది. అక్క అరుగు మీద నుంచే, "ఇంకింత ఎయ్యి. పాలిపోయినట్టుంది. నా పెండ్లప్పుడు మా అవ్వ కలిపిన పసుపు మూడు రోజులు చేతులకు పోలే." ఖర్జూరాలు, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు శ్రావ్య ఐదైదు లెక్కపెట్టి పెడుతోంది. ఇల్లంతా పసుపు వాసన. ఫ్యాను ఆపేశారు, బియ్యం ఎగురుతాయని. అందరికీ చెమట. అందరూ నవ్వుతున్నారు. ఈ ఇంట్లో ఇంత నవ్వు విని ఎన్నాళ్లయింది?

నాలుగు గంటలకు కవిత ఫోను మోగింది. మాట్లాడి, ముఖం మార్చుకొని, నన్ను పెరట్లోకి రమ్మని సైగ చేసింది. శ్రీను.

"మామా... బాపుకు దమ్ము అందుతలేదు. డయాలసిస్ కాడనే పడిపోయిండు. నల్లగొండ దవాఖానకు తెచ్చినం. లోపటికి తీస్కపోయిండ్రు. డాక్టరు ఏం చెప్తలేడు. పొద్దున దాంక చూద్దమంటున్నరు." ఏడుస్తున్నాడు. "అమ్మకు నేను చెప్పలేను మామా. నువ్వే ఎట్లనో చెప్పు."

కళ్లద్దాలు వెతుక్కుంటానని చెప్పి గదిలోకి వచ్చాను. రాస్తున్నాను. చేయడానికి ఇంకేమీ తోచక.

ఇప్పుడు చెబితే, చేతిలో ఉన్నది ఉన్నట్టు వదిలి బస్సెక్కుతుంది. ఒడి ఖాళీ. ఇక ఎప్పటికీ ఖాళీ కావచ్చు.

రేపు పది దాకా దాస్తే... ఈలోగా ఏదైనా జరిగితే? ఆమె చివరి చూపు నేను లాక్కున్నట్టు. తెలిసి దాచానని తెలిస్తే అక్క నన్ను క్షమిస్తుందా? క్షమిస్తుంది. అదే భయం.

ఒకటే దారి కనిపించింది. సుగుణ దగ్గరికి వెళ్లి మెల్లగా అన్నాను. "ఇప్పుడే పోసేద్దాం. పీట వెయ్యి."

సుగుణ చేతులు పసుపులోనే ఆగిపోయాయి. "ఇప్పుడా? ఏమైంది?"

"ఏం కాలేదు. పీట వెయ్యి."

మెల్లగానే అన్నాను. అక్కకు వినబడింది. ఈ ఇంట్లో ఆమె చెవికి వినబడనిది లేదు.

"ఏందిరా, ఇప్పుడేంది? పొద్దు వాలవట్టె. రేపు శుక్రారం గద!" అరుగు మీద నుంచి నవ్వుతూ. "తొమ్మిదేండ్లు లేని తొందర ఇయ్యాలనే ఏమొచ్చింది నీకు?"

కవిత గుమ్మంలో నిలబడి నా వంక చూస్తోంది. సుగుణ చూస్తోంది. మళ్లీ ఇక్కడికే వచ్చాను, తలుపు దగ్గరగా వేసి.

పీట వేసిన చప్పుడు. సుగుణ ఇంకేమీ అడగకుండానే వేసింది.

అక్క లేచింది. గాజుల చప్పుడు. తలుపు దగ్గరికి వస్తోంది.

"తమ్మీ... అడుగుతున్న గదరా. ఎందుకో చెప్పు. చెప్తెనే కూసుంట."